ఇటాలియను క్రియాపదములు - లకార ప్రక్రియ

తెలుగును ‘తూర్పుదేశపు ఇటాలియను’ అని పాశ్చాత్యులు ప్రశంసించిరని మన సభలయందును పాఠ్యగ్రంథములయందును తఱచుగా వినుచున్నాము. పదునైదవ శతాబ్దమున విజయనగరమును దర్శించిన వెనిసు వర్తకుడు నికొలో కాంటీ పేరు లోకమున ఈ మాటతో ముడిపడియున్నది. రెండు భాషలయందును పదములు అచ్చులతో ముగియుటయే ఈ ప్రశంసకు హేతువని చెప్పుదురు. ప్రశంస వినసొంపైనదే. కాని వ్యాకరణము చదివినవారు అంతటితో తృప్తి పొందరాదు. ఆ చివరి అచ్చు ఆయా భాషలలో ఏ పని చేయుచున్నదని విచారింపవలెను. ఈ విచారణకు నామపదములకంటె క్రియాపదములు అనుకూలములు. కావున ఇటాలియను క్రియాస్వరూపమును మన లకార ప్రక్రియతో పోల్చి ఇచట సంగ్రహముగా వివరింతును.

ఈ విషయము మన నగరమునకు పరాయిది కాదు. అబిడ్సునకు చేరువనున్న గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్ దేవాలయమునకు 1870లో శంకుస్థాపన జరిగినది. ఆ కాలమున మిలాన్ నగరమునుండి వచ్చిన ఇటలీ గురువులు హైదరాబాదు క్రైస్తవ మండలమున పనిచేయుచుండిరి. ఆ వీథులకు సమీపముననే, తిలక్ రోడ్డున, 1943లో స్థాపింపబడిన సారస్వత పరిషత్తు నెలకొన్నది. నాంపల్లి పబ్లిక్ గార్డెన్సున 1985లో తెలుగు విశ్వవిద్యాలయము వెలసినది. ఆదివారమునాడు అబిడ్సు కాలిబాటలపై పఱచు పాత పుస్తకములలో ఐరోపా భాషల వ్యాకరణములు చూడవచ్చును. అట్టి వ్యాకరణములలో క్రియలకు దీర్ఘములైన పట్టికలుండును. వానిని కంఠస్థము చేయుటకంటె మార్గము లేదని విద్యార్థులు భయపడుదురు. ఆ భయము నిర్మూలమని చూపుటకు పాణినీయము చదివినవారికి అధికారము కలదు.

ఇటాలియనున పురుషలు మూడు, వచనములు రెండు. ద్వివచనము లేదు. మన ప్రాకృతములయందువలెనే లాటినునుండి పుట్టిన ఆ భాషలయందును ద్విత్వమునకు ప్రత్యేక రూపము మిగులలేదు. పురుషబోధకములైన సమాపక క్రియలకు అర్థభేదములు నాలుగు: నిశ్చయము, సంభావనము, సంకేతము, ఆజ్ఞ. కాలభేదములతో కలిపి ఏకపద రూపములు ఎనిమిది వర్గములు, సహాయక్రియతో కూడిన రూపములు ఏడు వర్గములు, వెరసి 15. ఇవిగాక తుమున్నంతము, కృదంతము, శత్రర్థకము అను పురుషరహిత రూపములు వేఱుగ కలవు. దశలకారములకు పరస్మైపదమునందే తొంబది తిఙంతములు సాధించు వైయాకరణునకు ఈ సంఖ్య పెద్దది కాదు.

ధాతువులు మూడు గణములు. ‘అరె’ అంతముగా గలవి, ‘ఎరె’ అంతముగా గలవి, ‘ఇరె’ అంతముగా గలవి. ‘పర్లారె’ అనగా మాటలాడుట, ‘ప్రెందెరె’ అనగా గ్రహించుట, ‘ఫినీరె’ అనగా ముగించుట. ఈ అకార, ఎకార, ఇకారములు ధాతువునకు ప్రత్యయమునకు నడుమ నిలుచు వికరణముల వంటివి. ‘పర్లవామొ’ (మేము మాటలాడుచుంటిమి) అను రూపమును విడదీసిన, పర్ల్ అనునది ధాతువు, అ వికరణము, వ అనునది అసమాప్త భూతచిహ్నము, మొ ఉత్తమపురుష బహువచన ప్రత్యయము. మన ‘పలికితిమి’ యందును ధాతువు, కాలచిహ్నము, పురుషప్రత్యయము ఈ క్రమముననే నిలుచును. కర్తృపదము చెప్పకున్నను క్రియచేతనే కర్త తెలియుట రెండు భాషలకును సమానము.

మూడవ గణమున కొన్ని ధాతువులకు ‘ఇస్క్’ అను ఆగమము వచ్చును: ఫినిస్కొ, ఫినిషి, ఫినిషె, ఫిన్యామొ, ఫినీతె, ఫినిస్కొనొ. ఏకవచనములు మూడింటను, ప్రథమపురుష బహువచనమునను ఆగమము కలదు. మిగిలిన రెంటను లేదు. పట్టికను మాత్రము చూచువారికి ఇది అక్రమముగా తోచును. స్వరము ధాతువుపై నిలువవలసిన తావులందు ఆగమము వచ్చి ఆ స్వరమును తాను గైకొనును. స్వరము ప్రత్యయముపై పడు తావులందు ఆగమము రాదు. ఇట్లు ఒక్క నియమముచే ఆఱు రూపములును సిద్ధించును.

భవిష్యత్తును సంకేతార్థకమును పోల్చిన మఱింత ఆశ్చర్యము. ‘పర్లెరో’ అనగా మాటలాడుదును. ‘పర్లెరెయి’ అనగా ఒక నియమము నెఱవేరిన మాటలాడుదును. రెంటికిని అంగము ‘పర్లెర్’ అనునదే. లృట్టునకు ‘కరిష్యతి’, లృఙ్ఙునకు ‘అకరిష్యత్’ అని ఒకే స్యప్రత్యయాంగమునుండి రెండును సాధించు మనకు ఇది సుపరిచితమైన మార్గము. అంగమున జరుగు మార్పులు రెంటను సమానముగ జరుగును. ‘వొలేరె’ (కోరుట) యందు నడిమి అచ్చు లోపించి, రేఫ పరమగుటచే లకారము రేఫయై ‘వొర్రో’, ‘వొర్రెయి’ అగును. ‘తెనేరె’ (పట్టుకొనుట) యందు నకారము అట్లే రేఫయై ‘తెర్రో’, ‘తెర్రెయి’ అగును. పట్టికలలో అపవాదములుగా వ్రాయబడిన ఈ రూపములు సంధికార్యములే.

ఈ భవిష్యద్రూపము పుట్టుక కూడ గమనింపదగినది. లాటిను తుమున్నంతమునకు ‘కలిగియున్నాను’ అను క్రియ అనుప్రయోగముగా చేరి, కాలక్రమమున రెండును ఏకపదమైనవి. ‘కర్తా’ అను తృజంతమునకు ‘అస్మి’ చేరి లుట్టున ‘కర్తాస్మి’ యైనట్లే. విడిపదము ప్రత్యయమగుట ఏ ఒక్క భాషకును సొంతమైన ధర్మము కాదు.

భూతకాల విషయమున సహాయక్రియలు రెండు. ‘ఒ పర్లాతొ’ (మాటలాడితిని) అనుచోట ‘కలిగియుండుట’ అను అర్థము గల క్రియ సహాయము. ‘సొనొ అందాతొ’ (వెళ్లితిని) అనుచోట అస్త్యర్థక క్రియ సహాయము. రెండవదానియందు కృదంతము కర్త లింగమును పొందును. స్త్రీ పలికిన ‘సొనొ అందాత’ అగును. ‘గతోఽస్మి’, ‘గతాస్మి’ అను మన ప్రయోగముల ఛాయ ఇందు స్పష్టము. గత్యర్థకములకును అకర్మకములకును క్తప్రత్యయము కర్త్రర్థమున వచ్చునని పాణిని విధించెను. ఇటాలియనునను పోవుట, వచ్చుట, పుట్టుట, చచ్చుట మొదలగు క్రియలు ఈ వర్గమున చేరును. అయినను నిద్రించుట, నడచుట అను క్రియలు అచట మొదటి సహాయక్రియనే గ్రహించును. కావున సామ్యము దారి చూపునే కాని అన్నియెడల నిర్ణయింపదు.

సంభావనార్థకము మన లిఙ్ఙునకు సన్నిహితము. ‘వీవె’ అనగా జీవించుచున్నాడు. ‘వీవ’ అనగా జీవించుగాక. ‘జీవతి’, ‘జీవ్యాత్’ అనువాని భేదము అచట ఒక్క అచ్చుచే తెలియుచున్నది. మొదటి గణమున ఈ అచ్చులు తారుమారగును: ‘పర్ల’ మాటలాడుచున్నాడు, ‘పర్లి’ మాటలాడవలెనను సంభావనము. ‘సె అవెస్సి దెనారొ, కొంప్రెరెయి ఇల్ లీబ్రొ’ అనగా ధనమున్నచో ఆ పుస్తకము కొందును. సంస్కృతమున క్రియ సిద్ధింపనిచో రెండు వాక్యములందును లృఙ్ఙే వచ్చును. ఇటాలియనున హేతువాక్యమున సంభావనార్థకము, ఫలవాక్యమున సంకేతార్థకము వచ్చును. తెలుగున హేతువు చేదర్థకమగును. దానికి పురుషప్రత్యయము లేదు.

గౌరవ సంబోధనయందు మఱియొక సామ్యము కలదు. ఇటాలియనున పెద్దలతో మాటలాడునపుడు ‘లెయి’ అను సర్వనామముతో ప్రథమపురుష క్రియను వాడుదురు. ‘భవాన్ గచ్ఛతి’ యనునదియు ఇట్టిదే. నాంపల్లి వీథులలో నిత్యము వినబడు ఉర్దూ ‘ఆప్’ శబ్దమునకును ప్రథమపురుష బహువచన రూపమే అన్వయించును. తెలుగువారు మాత్రము ‘మీరు వత్తురు’ అని మధ్యమపురుష బహువచనముచే గౌరవము చూపుదురు.

ఇపుడు మొదటి ప్రశ్నకు వత్తము. ‘పర్లొ’ నేను మాటలాడుచున్నాను; ‘పర్లి’ నీవు; ‘పర్ల’ అతడు. హల్లులు మూడింట ఒకటే. పురుష తెలిపినది చివరి అచ్చు. దానిని తీసిన ‘పర్ల్’ అను ధాతుమాత్రము మిగులును. తెలుగున ‘వత్తుము’, ‘వచ్చితిమి’ అను రెండును ఉత్తమపురుష బహువచనములే. ఒకచోట ఉకారము, మఱియొకచోట ఇకారము, పురుష మాఱలేదు. ‘వత్తువు’, ‘వచ్చితివి’ అనుచోటను అంతే. మన అచ్చు ముందున్న అచ్చు ననుసరించి మాఱుచున్నది. పురుషను తెలుపునది మకారము, వకారము. ఉత్వసంధి జరిగి ‘వత్తుమని’ అయినను పురుషకు హాని లేదు. వ్యవహారమున ‘వస్తాము’ అనునది ‘వస్తాం’ అగుచున్నను వినువారికి సందేహము కలుగుట లేదు.

ఇటాలియనునను పురుష హల్లుచే తెలియుచోట ఈ స్వేచ్ఛ కలదు. ‘అంద్యామొ’ (వెళ్లుదము) అనునది గేయములలో ‘అంద్యామ్’ అగును. అచట మకారము మిగిలియున్నది. లకార నకార రకారముల పిమ్మట కొన్ని క్రియల ఏకవచనములందును అచ్చు లోపించుట కలదు గాని అది పరిమితమైన విధి.

కావున రెండు భాషలును అజంతములే యనుట సత్యము. ఒకే విధమున అజంతము లనుట సత్యము కాదు. ఇటాలియను క్రియయందు చివరి అచ్చు తఱచుగా అర్థమును మోయుచున్నది. తెలుగు క్రియయందు అది హల్లునకు ఊతగా నిలిచి ఉచ్చారణమును సుకరము చేయుచున్నది. ఇందు తెలుగునకు లోపము లేదు. ‘చేయము, చేయవు, చేయరు’ అని వ్యతిరేకార్థమును క్రియారూపముననే ఇముడ్చుకొను శక్తి మన భాషకు కలదు. 1858లో ప్రకటింపబడిన బాలవ్యాకరణమున చిన్నయసూరి దీనిని నిరూపించెను. ఇటాలియనువారు ఆ పనికి ‘నొన్’ అను విడిపదమును వాడవలసినదే.

ఇటాలియను సంస్కృతమునుండి పుట్టినదని ఈ పోలికల వలన తలపరాదు. అవి రెండును ఒకే పెద్ద కుటుంబమునకు చెందిన వేఱువేఱు శాఖలు. తెలుగు ద్రావిడ కుటుంబమునకు చెందినది. పాణిని మనకిచ్చినది వంశగర్వము కాదు, పదమును విభజించు పద్ధతి. ఆ పద్ధతి తనకు తెలియని భాషయందును పనిచేయుటయే దాని గొప్పతనము. పాఠశాలలలో ధాతురూపములను వల్లెవేయించు పండితులు, దినమునకొక రూపమునైనను నల్లబల్లపై విడదీసి, ఏ వర్ణము కాలమును, ఏ వర్ణము పురుషను చెప్పుచున్నదో బాలురచేతనే చెప్పింపవలెను. అట్లు చేసిన సంస్కృత రూపములు భారము కావు. రేపు ఆ బాలుడు ఏ దేశపు భాష నేర్వబోయినను, పట్టికను చూచి భయపడక దాని సూత్రమును వెదకును.