ఏది ప్రమాణం?

హనుమంతుడు పుట్టినది తిరుమల కొండల్లోని అంజనాద్రి మీదనేనని తిరుమల తిరుపతి దేవస్థానం 2021 ఏప్రిల్ 21న, శ్రీరామనవమి నాడు ప్రకటించగా, ఆ ఘనత హంపీ దగ్గరి ఆనెగొంది కొండదేనని నమ్మే కిష్కింధ పక్షంవారు ఆక్షేపించారు. మే 27న తిరుపతిలోని జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో ఇరుపక్షాలూ ఎదురెదురుగా కూర్చున్నాయి. పాండిత్యానికి కొదవ లేదు, గ్రంథాలకూ లోటు లేదు. అయినా ఎవరి మాట వారిదిగానే సభ ముగిసింది.

ఒక సంగతి నిజమని తేల్చే సాధనాన్ని మన తార్కికులు ప్రమాణమన్నారు. దేవస్థానం వారు పురాణాలను, ముఖ్యంగా వేంకటాచల మాహాత్మ్యాన్ని చూపగా, అవతలివారు వాల్మీకి రామాయణంలోని కిష్కింధను, పంపాతీరాన్ని పట్టుకున్నారు. ఏ గ్రంథం ఎంతవరకు చెల్లుతుందో ముందే ఒప్పుకోలేదు కనుక ఒకరి సాక్ష్యం మరొకరి ముందు సాక్ష్యమే కాలేకపోయింది. దీనికి తోడు, పైకి చరిత్ర ప్రశ్నలా కనిపించే ఈ వివాదంలో పందెంలో ఉన్నది క్షేత్ర గౌరవం. ఎదుటివారి ఆధారంలో ఒక్కదాన్ని ఒప్పుకున్నా తమ కొండను తక్కువ చేసినట్లవుతుందని ఇరువురూ భావించే చోట ఆధారాలు ఎన్ని పెరిగినా పట్టుదలే పెరుగుతుంది. 2022 మే 31న నాసిక్‌లో, హనుమంతుడు పుట్టినది అక్కడి అంజనేరి కొండ మీదనేననే పక్షంతో కిష్కింధ పక్షానికి జరిగిన సభలోనైతే ఎవరు ఎత్తైన ఆసనం మీద కూర్చోవాలన్న దగ్గరే రగడ మొదలైంది. అంజనాదేవి తపస్సు చేసిందని స్థలపురాణం చెప్పే ఆకాశగంగ దగ్గర నెత్తిన నీళ్లు చల్లుకొని, జాపాలి మెట్లు దిగి ఆంజనేయుణ్ణి దర్శించే యాత్రికులకు మాత్రం ఈ తీర్పులతో పని పడినట్లు లేదు.

ఇదే సీమలో ఇంతకంటె వేడెక్కిన తగవు ఒకటి లోగడ తీరింది. తమిళదేశానికి వేంకటాద్రి ఉత్తరపు ఎల్ల అని తొల్కాప్పియం పీఠిక చెబుతున్నదని మ.పొ. శివజ్ఞానం వంటి తమిళ నాయకులు తిరుపతిని కోరగా, ఇక్కడి జనం మాట్లాడేది తెలుగని ఆంధ్రులు బదులిచ్చారు. ఒకరిది ప్రాచీన గ్రంథం, మరొకరిది నేటి నాలుక, అంటే అక్కడా రెండు ప్రమాణాలే. మధ్యవర్తిగా వచ్చిన హరి వినాయక్ పటాస్కర్ పాత గ్రంథాల జోలికి పోక, గ్రామాన్ని యూనిట్‌గా తీసుకొని, అక్కడి ఎక్కువమంది భాషను, భూభాగం ఆనుకొని ఉండటాన్ని కొలతలుగా నిలిపారు. ఆ ప్రకారం 1959లో పార్లమెంటు చట్టం చేయగా, 1960 ఏప్రిల్ 1 నుంచి చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి, చెంగల్పట్టు జిల్లాలోని సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు మారాయి. తిరుపతి ఇటే ఉండిపోయింది.

వేంకటాద్రి అసలు ఎవరిదన్న ప్రశ్నను ఆ సూత్రం తాకనే లేదు, బహుశా అందుకే అది పనిచేసింది. అయితే ఆ కొలతకూ ఒక ఖరీదుంది: ఇంట్లో తమిళం, సంతలో తెలుగు మాట్లాడుకునే నగరి, సత్యవేడు ప్రాంతాల కుటుంబాలు జనాభా లెక్కలో మాతృభాష అన్న గడిలో ఒక్క పేరే రాయించుకోవాలి.