ముడిసరుకే చెత్తయితే

తీరంలో ప్లాస్టిక్ చెత్త అనగానే నీళ్ల సీసాలు, కవర్లు, తెగిన వలలు గుర్తొస్తాయి. ఓపిక ఉంటే వాటిని చేత్తో ఏరేయొచ్చు. 2021లో శ్రీలంక పడమటి తీరానికి కొట్టుకొచ్చిన ప్లాస్టిక్‌ను ఏరడం ఎవరి తరమూ కాలేదు. సీసాగానో బకెట్‌గానో ఇంకా మారని ముడిసరుకు అది; సగ్గుబియ్యమంత గుళికలు. ఫ్యాక్టరీలు వీటినే కరిగించి అచ్చుల్లో పోస్తాయి. వీటిని నర్డిల్స్ అంటారు.

ఆ ఏడాది మే 20న కొలంబో రేవు దగ్గర ఎక్స్‌ప్రెస్ పెర్ల్ అనే కంటైనర్ ఓడకు నిప్పంటుకుంది. అందులో ఉన్న గుళికలు దాదాపు 1,680 టన్నులు. రోజుల తరబడి కాలి, జూన్‌లో ఓడ మునిగింది. చేపలవేట ఆపేశారు.

లీటరు సముద్రపు నీరు సుమారు 1,025 గ్రాములు తూగుతుంది. అంతే పరిమాణంలో గుళికల పాలిథిన్ తూగేది 910 నుంచి 970 గ్రాములే. కాబట్టి గుళిక మునగదు. గాలీ అలలూ తోసినచోటికి పోయి, పోటు గీత దగ్గర ఒడ్డుకు చేరుతుంది. తర్వాతి పోటు దానిమీద ఇసుక కప్పుతుంది. పైపొర ఎత్తేసి పని అయిందనుకుంటే, మరో పోటు ఉధృతికి కిందిపొర బయటపడుతుంది. ఇసుకను జల్లెడ పట్టడం తప్ప దారి లేకపోయింది. మంటల్లో కాలినవాటితో ఇంకా పేచీ. నల్లబడి, పెళుసెక్కి, పట్టుకుంటే చిట్లిపోతాయి.

గుళికకు ఇంకో గుణముంది. నీటిలో కరగని విషాలు, డీడీటీ, పీసీబీల వంటివి, దాని ఒంటికి అంటుకుంటాయి. చుట్టూ ఉన్న నీటిలోకన్నా గుళిక మీద పీసీబీలు లక్ష నుంచి పదిలక్షల రెట్లు పోగుపడతాయని జపాన్ పరిశోధకులు 2001లో చూపించారు. ఆ బృందంలోని హిదేషిగే తకాడా 2005 నుంచి, తీరాల్లో దొరికిన గుళికల్ని తమకు పోస్టులో పంపమని ప్రపంచమంతటినీ అడుగుతున్నారు. వాటిని పరీక్షించి ఏ తీరంలో ఏ విషం ఎంతుందో పటం గీస్తారు. చెత్తతోనే కాలుష్యాన్ని కొలవడం! నాకు నచ్చిన తెలివి ఇది.

ఇంత చేసే గుళిక ఓడ కాగితాల్లో మాత్రం మామూలు సరుకు. ఎక్స్‌ప్రెస్ పెర్ల్‌లోని నైట్రిక్ ఆమ్లం ప్రమాదకర సరుకుల జాబితాలో ఉంది, గుళికలు లేవు. 2024లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ వీటిని గట్టిగా ప్యాక్ చేయాలనీ, వీలైతే డెక్ కింద పెట్టాలనీ సూచించింది. సూచనే, నిబంధన కాదు. మరుసటి ఏడాది మేలో కొచ్చి దగ్గర ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే కంటైనర్ ఓడ మునిగింది. దాని గుళికలు తిరువనంతపురం తీరానికి చేరాయి.