డిమెన్షియా ఉన్నవారి కుటుంబ సంరక్షకులకు తోడ్పాటు

డిమెన్షియా లక్షణాలను, దశలను ఇంతకుముందు భాగంలో తెలుసుకున్నారు. వ్యాధి వచ్చేది ఒకరికే అయినా రోజువారీ జీవితం తలకిందులయ్యేది కనీసం ఇద్దరికి. ఆ రెండో వ్యక్తి సాధారణంగా భార్య, కోడలు లేదా కూతురు. ఈ భాగంలో ఆమెకు ఎటువంటి తోడ్పాటు కావాలో, అది ఎక్కడ దొరుకుతుందో చర్చిద్దాం.

2023లో ప్రచురితమైన లాసి-డాడ్ అధ్యయనం అంచనా ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు, అంతకు మించిన వయసువారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. వీరిలో అత్యధికులు ఇంట్లోనే, కుటుంబసభ్యుల సంరక్షణలోనే ఉంటారు. అయినా చాలా ఇళ్లలో ఈ వ్యాధికి పేరు కూడా ఉండదు. "పెద్దతనం, చాదస్తం" అంటారు. చాదస్తం అనుకున్నంతకాలం డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాలని ఎవరికీ తోచదు. పైగా, అత్తగారు "నాకు అన్నం పెట్టలేదు" అని పక్కింట్లో చెబితే నింద కోడలి మీద పడుతుంది. తిన్న సంగతి మరచిపోవడం వ్యాధి లక్షణమని బంధువులకు, ఇరుగుపొరుగుకు తెలియజెప్పడం కూడా సంరక్షకురాలికి చేసే సహాయమే.

సంరక్షణ భారం

స్నానం చేయించడం, మరుగుదొడ్డికి తీసుకువెళ్లడం, మందులు వేయడం కనిపించే పనులు. ఒకే ప్రశ్నకు ఇరవైసార్లు జవాబివ్వడం, సాయంత్రం కాగానే మొదలయ్యే కలవరాన్ని సముదాయించడం, అర్ధరాత్రి తలుపు తీసుకుని వెళ్లిపోతారేమోనని చెవి అటే పెట్టి పడుకోవడం కనిపించనివి. ఉద్యోగం మానేయడం, పెళ్లిళ్లకు, పేరంటాలకు వెళ్లలేకపోవడం వీటికి తోడవుతాయి. ఈ భారాన్ని కొలవడానికి పరిశోధకులు తరచుగా వాడే జారిట్ ప్రశ్నావళిలో 22 ప్రశ్నలున్నాయి. ఒక్కోదానికి 0 నుంచి 4 వరకు మార్కులు వేస్తారు. మొత్తం ఎంత ఎక్కువైతే భారం అంత ఎక్కువ.

గోవా అనుభవం

సంరక్షకులకు సహాయం అనగానే పెద్ద ఆసుపత్రులు, ఖరీదైన వృద్ధాశ్రమాలు గుర్తుకు వస్తాయి. గోవాలో జరిగిన ఒక ప్రయోగం మరో దారి చూపింది. రెండు తాలూకాలలో 81 కుటుంబాలను ఎంపిక చేసి, లాటరీ పద్ధతిలో రెండు బృందాలుగా విభజించారు. ఒక బృందంలోని ఇళ్లకు కనీసం పదిహేను రోజులకొకసారి చొప్పున ఆరు నెలలపాటు 'గృహ సంరక్షణ సలహాదారులు' వెళ్లారు. వీరు డాక్టర్లు కారు. స్థానిక భాష మాట్లాడే, కొంత శిక్షణ పొందిన మామూలు మనుషులు. వారి వెనుక ఒక కౌన్సెలరు, ఒక మానసిక వైద్యుడు ఉన్నారు.

ఇంటికి వెళ్లి వారు చేసినదేమిటి? వ్యాధి గురించి వివరించారు. కోపం, అనుమానం, తిరుగుడు వంటి ప్రవర్తనలు వచ్చినప్పుడు ఎలా మసలుకోవాలో చెప్పారు. అవసరమైతే వైద్యుని దగ్గరకు పంపారు. ప్రభుత్వ పథకాల సమాచారం ఇచ్చారు. ఇటువంటి కుటుంబాలను ఒకరికొకరిని పరిచయం చేశారు.

2008లో వెలువడిన ఫలితాలలో గమనించదగ్గ విషయం ఒకటి ఉంది. రోగుల సామర్థ్యంలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. సంరక్షకుల మానసిక ఆరోగ్యం మాత్రం మెరుగుపడింది. రోగి ప్రవర్తన వల్ల వారు పడే బాధ తగ్గింది. వ్యాధి తగ్గకపోయినా సంరక్షకురాలి స్థితిని మార్చవచ్చన్నమాట. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగే మన రాష్ట్రాలలో ఈ నమూనాను ప్రయత్నించడానికి పునాది ఇప్పటికే ఉందని చెప్పవచ్చు.

ఇంట్లో పని పంచుకోవడం

మన దగ్గర అన్నదమ్ములు తల్లిదండ్రులను వంతులవారీగా, నెలకొకరి ఇంట్లో ఉంచుకోవడం మామూలే. మామూలు ఆరోగ్యం ఉన్నవారి విషయంలో అది వారి వారి వీలునుబట్టి ఉంటుంది. డిమెన్షియా ఉన్నవారికి మాత్రం ఇది మంచి ఏర్పాటు కాదు. కొత్త గది, మరో వైపున్న మరుగుదొడ్డి వారి అయోమయాన్ని పెంచుతాయి. వీలైనంతవరకు వారిని ఒకేచోట ఉంచి, మిగిలినవారు అక్కడికి వచ్చి వంతు తీసుకోవడం మేలు. రాలేనివారు జీతానికి మనిషిని పెట్టే ఖర్చు భరించవచ్చు. విదేశంలో ఉన్న కొడుకు కరెంటు బిల్లులు, మందుల ఆర్డర్లు, బ్యాంకు పనులు చూసుకోవచ్చు. వారానికి ఒక పూటయినా సంరక్షకురాలు నిశ్చింతగా బయటకు వెళ్లగలగాలి. దీనినే విరామ సంరక్షణ అంటారు. అడగకుండా ఎవరూ ముందుకు రారు కాబట్టి, "కాస్త సాయం చేయండి" అనడం కన్నా "ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు నాన్న దగ్గర ఉండండి" అని అడగడం పనికివస్తుంది.

బయటి వనరులు

మొదట వైద్య నిర్ధారణ. థైరాయిడ్ లోపం, విటమిన్ బి12 లోపం, కుంగుబాటు వంటివి కూడా మతిమరుపుగా కనిపించవచ్చు. వీటికి చికిత్స ఉంది. ఒకటి రెండు రోజుల్లోనే అయోమయం హఠాత్తుగా పెరిగితే మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ వంటి కారణం ఉండవచ్చు. వ్యాధి ముదిరిందనుకుని ఊరుకోకుండా వెంటనే డాక్టరుకు చూపించాలి.

వయోవృద్ధుల జాతీయ హెల్ప్‌లైన్ 14567. సంరక్షకురాలికే నిద్రలేమి, దిగులు ఎక్కువైతే టెలి మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. ఇది 2022 అక్టోబరులో మొదలైంది. రోగి గురించే కాక తన గురించి కూడా మాట్లాడవచ్చు. 1992లో కేరళలో ప్రారంభమైన ఏ.ఆర్.డి.ఎస్.ఐ. అనే స్వచ్ఛంద సంస్థకు హైదరాబాదులో శాఖ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సంరక్షకుల కోసం 'ఐ-సపోర్ట్' అనే స్వీయ శిక్షణ కార్యక్రమాన్ని రూపొందించింది.

కాగితాల పనిని చాలామంది ఆలస్యం చేస్తారు. సంతకం కుదరక బ్యాంకులో డబ్బు ఆగిపోయాక తెలుస్తుంది. మన చట్టం ప్రకారం పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చిన వ్యక్తి మానసిక సామర్థ్యం కోల్పోతే అది చెల్లదు. ఆ తరువాత సంరక్షకుని నియామకం కోసం హైకోర్టు దాకా వెళ్లవలసి రావచ్చు. అందువల్ల ఉమ్మడి ఖాతా, నామినీ, వీలునామా వంటివి తొలి దశలోనే, ఆ వ్యక్తి ఇష్టం తెలుసుకుని పూర్తి చేయాలి. పింఛనుదారుల జీవన ప్రమాణ పత్రాన్ని ఇంటి నుంచే, మొబైల్‌లో ముఖ గుర్తింపు ద్వారా సమర్పించే వీలుంది.

అభ్యాసం

ఒక ఇంట్లో డిమెన్షియా ఉన్న 74 ఏళ్ల తల్లిని ముగ్గురు కొడుకులు రెండేసి నెలలు చూసుకుంటున్నారు. ఇల్లు మారిన ప్రతిసారీ ఆమె వారం రోజులు నిద్రపోరు. పెద్ద కోడలు టైలరింగ్ పని మానేసింది. మీరు గృహ సంరక్షణ సలహాదారుగా ఆ ఇంటికి వెళితే, మొదటి రెండు సందర్శనలలో ఎవరితో ఏమి మాట్లాడతారో పది వాక్యాలలో రాయండి.