బ్రేకు దీపము వెలిగినప్పుడు

ఇంటి ప్లగ్గునుండి ఛార్జి చేసికొను హైబ్రిడ్ కారులో బ్రేకు హెచ్చరిక దీపము వెలిగినదనుకొందము. బ్రేకు యంత్రమంతయు మార్చవలెనన్నచో యజమాని గుండె ఝల్లుమనును. కాని దోషము ఒక సన్నని తీగెలోనే దాగియుండవచ్చును.

ఈ కారులో పెడలు త్రొక్కగానే వేగము తగ్గించు పని కొంత విద్యుత్ మోటారు చేయును. అప్పుడది జనరేటరుగ మారి బ్యాటరీని నింపును. మిగిలిన పని ద్రవపీడనముది. ఎవరి వంతెంతయో నిర్ణయించు కంప్యూటరునకు, పెడలెంత దిగినదో సెన్సారు పంపు వోల్టేజియే తెలుపును. సాధారణముగ సంకేతములు రెండుండును. వాటికి పొసగనిచో కంప్యూటరు దోషసంఖ్యను నమోదు చేసి దీపము వెలిగించును.

ఆ సంఖ్య దోషమే వలయమున నున్నదో చెప్పును గాని, ఏ భాగము చెడినదో చెప్పదు. ఇది మరచుటవలననే మంచి సెన్సార్లు చెత్తబుట్ట పాలగునని మేమందుము. మొదట 12 వోల్టుల బ్యాటరీని చూడవలెను. అది నీరసించినచో లేని దోషములు పుట్టును. పిమ్మట కనెక్టరులో తేమ, చిలుము. సెన్సారునకు రావలసిన వోల్టేజి, పలు కార్లలో 5 వోల్టులు, వచ్చుచున్నదా? ఎర్తు సరియేనా? ఓమ్ మీటరునే నమ్మరాదు: ఒక్క పోగు మిగిలిన తీగె కూడ దానికి ఆరోగ్యముగనే కనబడును. పెడలును నెమ్మదిగ త్రొక్కుచు, తీగెలకట్టను కదల్చుచు వోల్టేజిని గమనింపవలెను. అంకె ఎగిరిపడినచోటనే వెదకవలెను.

నారింజరంగు తీగెలలో వందల వోల్టులుండును. శిక్షణ లేనివారు వాటి జోలికి పోరాదు. ఎఱ్ఱదీపము వెలుగుచుండగా కారు నడుపరాదు. సెన్సారునే మార్చినచో, పలు కార్లలో దాని సున్న స్థానమును కంప్యూటరునకు నేర్పవలసియుండును. లేనిచో ఆ దీపమే మరల వెలుగును.