బ్యాటరీ మిషనే కదా అనుకుంటే...

దమ్మపేట, అశ్వారావుపేట మండలాల్లో ఇప్పుడు ఏ తోటకెళ్ళినా చేతి మిషన్ల చప్పుడే. పామాయిల్ మట్టలు కోసే రంపాలు, కోకో కొమ్మలు కత్తిరించే కట్టర్లు, గడ్డి కోసే మిషన్లు. ఊళ్ళోకొస్తే వెల్డింగ్ షాపుల్లో గ్రైండర్లు, కొత్త ఇళ్ళ దగ్గర టైల్స్ కట్టర్లు. ఒకప్పుడు మేస్త్రీల సంచుల్లోనే కనిపించే డ్రిల్లింగ్ మిషన్ ఇప్పుడు రైతు ఇంట్లో సెల్‌ఫోన్ పక్కనే చార్జింగ్‌లో ఉంటోంది. మిషన్‌తో వచ్చిన పుస్తకం అట్టపెట్టెలోనే ఉండిపోతోంది. వాడకం ఒకరిని చూసి ఒకరు నేర్చుకుంటున్నారు, దాంతోపాటే కొన్ని తప్పుడు నమ్మకాలూ చేతులు మారుతున్నాయి. ప్రాణం మీదికి తెచ్చేవాటితోనే మొదలుపెడతాను.

అపోహ: బ్యాటరీ మిషన్‌కి షాక్ భయం లేదు.

వాస్తవం: ఇరవై వోల్టుల బ్యాటరీ మనిషిని చంపదు, అంతవరకు నిజం. కానీ షాక్ మిషన్ లోపలి నుంచే రానక్కర్లేదు. పామాయిల్ చెట్టు ఎదిగేకొద్దీ గెల కోసే పైపు పొడుగవుతుంది. అల్యూమినియం పైపుకి కొడవలి కట్టినా, బ్యాటరీ రంపం బిగించినా అది కరెంటుకు దారే. ఖరీదైన కార్బన్ ఫైబర్ పైపులోనూ కరెంటు పారుతుంది. పొలాల మీదుగా పోయే 11 కె.వి. తీగ నేలకు 4.6 మీటర్ల ఎత్తులో ఉంటే నిబంధనలకు సరిపోతుంది. అంటే పదిహేను అడుగులు. మనిషి నిలబడి ఎత్తిన పైపు ఆ ఎత్తును ఇట్టే దాటేస్తుంది. కాళ్ళకు రబ్బరు చెప్పులు, చేతికి గ్లౌజులు 11 వేల వోల్టుల ముందు ఎందుకూ పనికిరావు. తెగిన పచ్చిమట్ట తీగ మీద ఒరిగినా ప్రమాదమే.

అందుకే లైను కింద, పక్కన ఉన్న వరసలను ముందే గుర్తుపెట్టి, లైన్‌మన్‌తో సప్లై ఆపించాకే అక్కడ కోత మొదలుపెట్టాలి. ఇది తోట యజమాని పూచీ. టన్ను లెక్కన కూలీ తీసుకునే మనిషి తనంతట తానే పని ఆపి కరెంటోళ్ళకు ఫోన్ చేస్తాడని ఎదురుచూడటం అన్యాయం. పైపు తీగకు తగిలి మనిషి పడిపోతే దగ్గరికి ఉరకొద్దు. సప్లై ఆగిందని తెలిసేదాకా దూరంగానే ఉండి 1912కి, 108కి ఫోన్ చేయాలి.

ఇంటి గోడకు రంధ్రం వేసేటప్పుడూ ఇదే సంగతి. స్విచ్‌బోర్డుకు నేరుగా పైన, కింద గోడలో వైర్ల పైపు ఉంటుంది. బిట్టు ఫేజ్ వైరులో దిగితే డ్రిల్లు ముందున్న లోహం అంతా కరెంటే. అక్కడ పనిచేసేముందు మెయిన్ దించేయడమే దారి.

అపోహ: ఇంట్లో ఎంసీబీ ఉంది, షాక్ కొడితే అదే పడిపోతుంది.

వాస్తవం: ఎంసీబీ కాపాడేది వైర్లను. ఆరు ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే ఆరు వేల మిల్లీఆంపియర్లు దాటాలి. అమెరికాలో చార్లెస్ డాల్జీల్ అనే ఆచార్యుడు వలంటీర్ల మీద చేసిన పరీక్షల్లో, సగటు మగవాడు పట్టుకున్న తీగను వదలగలిగే హద్దు 16 మిల్లీఆంపియర్ల దగ్గరే ఆగిపోయింది. ఆడవాళ్ళలో అది ఇంకా తక్కువ. ఎంసీబీ కదలకముందే మనిషి పోతాడు. ఆ డాల్జీలే 1961లో కొద్దిపాటి కరెంటు దారి తప్పినా సప్లై తెంచేసే పరికరం తయారుచేశాడు. మన దుకాణాల్లో ఆ పని చేసేదాన్ని ఆర్‌సీసీబీ అంటారు. మనుషుల రక్షణకైతే 30 మిల్లీఆంపియర్లదే అడగాలి. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, అప్పుడప్పుడు నొక్కి చూడాలి. పడకపోతే మార్చేయాలి.

బావి దగ్గర పరిస్థితి ఇంకా ఘోరం. మోటారు స్టార్టర్ నుంచి ఒక ఫేజ్ లాగి, న్యూట్రల్ బదులు భూమిలో ఇనుప చువ్వ కొట్టి మిషన్ నడిపించేస్తుంటారు. మిషన్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఆ చువ్వలోకి కరెంటు దిగుతూనే ఉంటుంది. తడి నేలలో దాని దగ్గర అడుగేసిన మనిషికీ, పశువుకీ ముప్పే. ఇక పిన్ను లేని వైరు కొసలను సాకెట్లో పెట్టి అగ్గిపుల్లలు బిగించడం, జాయింట్లకు టేపు చుట్టి తడి గడ్డిలో లాగడం గురించి వేరే చెప్పాలా? ఒక పిన్ను, సరైన మందం ఉన్న ఒకే ముక్క వైరు కొంటే పోయే పని.

అపోహ: రెండు పిన్నుల మిషన్‌కి ఎర్త్ లేదు కాబట్టి అది నాసిరకం.

వాస్తవం: మిషన్ మీద చదరంలో చదరం గుర్తు ఉంటే దానికి రెండు పొరల ఇన్సులేషన్ ఉన్నట్టు, ఎర్త్ అక్కర్లేదు. మూడు పిన్నులతో వచ్చినదాని మూడోదాన్ని విరగ్గొట్టి వాడటమే తప్పు.

అపోహ: గ్రైండర్ గార్డు పనికి అడ్డం, అనుభవం ఉన్నవాడికి అవసరం లేదు.

వాస్తవం: నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి దాదాపు 11 వేల చుట్లు తిరుగుతుంది. ఆ లెక్కన చక్రం అంచు వేగం గంటకు 200 కిలోమీటర్ల పైమాటే. చక్రం పగిలితే తప్పుకునే వ్యవధి ఎంత అనుభవజ్ఞుడికీ దొరకదు. అనుభవం ఎక్కువైనకొద్దీ గార్డు తీసేసేవాళ్ళే కనిపిస్తుంటారు, అదే బాధ.

చక్రాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. మధ్య రంధ్రం చుట్టూ ఉన్న లోహపు రింగు మీద చాలావాటికి గడువు తేదీ ఉంటుంది. లేబుల్ మీద అది తట్టుకోగల చుట్లు రాసి ఉంటాయి. నాలుగంగుళాల చక్రానికి 15 వేల పైచిలుకు, ఏడంగుళాల చక్రానికి ఎనిమిదిన్నర వేలు. లోతుగా తెగుతుందని గార్డు ఊడదీసి ఏడంగుళాల చక్రాన్ని చిన్న గ్రైండర్‌కి ఎక్కించడం అంటే దాని తాహతుకు మించి తిప్పడమే. ఇంతకంటే చెడ్డది, గ్రైండర్‌కి పళ్ళున్న చెక్క బ్లేడు బిగించడం. పన్ను చెక్కలో ఇరుక్కున్న క్షణంలో మిషన్ చేతిలోంచి ఎగిరి తొడ మీదికో మెడ మీదికో వస్తుంది. చెక్కకు రంపం మిషన్ వేరే ఉంది. లేకపోతే చేతిరంపం ఉంది.

స్విచ్ ఆపాక కూడా చక్రం కొన్ని క్షణాలు తిరుగుతూనే ఉంటుంది. బ్లేడు మార్చేముందు పిన్ను పీకాలి, బ్యాటరీదైతే బ్యాటరీ ఊడదీయాలి.

అపోహ: చేతికి గ్లౌజులుంటే అన్నిటికీ రక్షణే.

వాస్తవం: తిరిగే డ్రిల్లు బిట్టుకు వదులు గ్లౌజు కొస చిక్కితే వేలితో సహా చుట్టేస్తుంది. కండువా, చున్నీ, పొడుగు చేతుల చొక్కా, విడిచిన జుట్టు కూడా అంతే. కంటికి మాత్రం ఎప్పుడూ పక్కలు మూసుకున్న గాగుల్స్ కావాలి, చలవ కళ్ళద్దాలు చాలవు. గ్రైండర్ రవ్వ కంట్లో గుచ్చుకుంటే కొంగు కొసతో తీయబోవద్దు. నల్లగుడ్డు మీద ఇనుము తుప్పు పడుతుంది, కంటి డాక్టరే తీయాలి.

అపోహ: బ్యాటరీ పూర్తిగా దిగాకే చార్జింగ్ పెట్టాలి.

వాస్తవం: ఆ మాట పాత నికెల్-కాడ్మియం బ్యాటరీలది. ఇప్పటి లిథియం బ్యాటరీని మధ్యలో ఎప్పుడు పెట్టినా ఏమీ కాదు. దానికి శత్రువు వేడి. మన ఎండాకాలంలో బండి డిక్కీలో, రేకుల షెడ్డులో వదిలేయకూడదు. పనిలో వేడెక్కినదాన్ని చల్లారాకే చార్జింగ్ పెట్టాలి. ఉబ్బినదాన్ని, పగిలినదాన్ని అసలు పెట్టొద్దు. రాత్రంతా మంచం పక్కన చార్జింగ్ అంతకన్నా వద్దు. కొన్ని చవక మిషన్ల మీద 48 అనో 88 అనో పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. లోపల వరసగా ఐదు సెల్లులే ఉంటే, అంకె ఏదైనా అది నిండుగా 21 వోల్టులు ఇచ్చే బ్యాటరీయే.

అపోహ: తెగిన వేలిని ఐసులో వేసి తీసుకెళ్ళాలి.

వాస్తవం: ఐసు నేరుగా తగిలితే కండ పాడై అతికించడానికి పనికిరాదు. వేలిని తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి గట్టిగా మూతికట్టి, ఆ కవర్ని ఐసు వేసిన నీళ్ళలో ఉంచాలి. గాయం మీద గుడ్డతో గట్టిగా అదిమిపట్టి చేతిని పైకి ఎత్తి ఉంచాలి. వేలు అతికించే సౌకర్యం అన్ని ఆసుపత్రుల్లో ఉండదు. సత్తుపల్లి వైపా, కొత్తగూడెం వైపా, ఖమ్మమా అన్నది బండి ఎక్కేముందే ఫోన్ చేసి కనుక్కోండి.