రెండు వైపులా తిరిగే చక్రం

2010 ప్రాంతంలో మన దేశంలో యూనిట్‌కు పది రూపాయలు దాటిన సోలార్ కరెంటు ధర, 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో 1.99 రూపాయలకు దిగింది. కానీ ఇళ్లల్లో లైట్లు వేసే వేళకు ఎండ ఉండదు. మధ్యాహ్నం చవగ్గా వచ్చిన యూనిట్‌ను రాత్రికి దాచడానికి ఎంతవుతుందన్నదే ఇప్పుడు అసలు లెక్క. ఆ దాచే పనిని దశాబ్దాలుగా ఎక్కువగా మోస్తున్నది నీటిలో తిరిగే ఒక ఉక్కు చక్రం. దాని పేరు పంప్-టర్బైన్.

స్విట్జర్లాండ్‌లోని షాఫ్‌హౌజెన్‌లో 1909లోనే, కరెంటు మిగిలినప్పుడు నీటిని గుట్ట మీది చెరువుకెక్కించి, కావలసినప్పుడు కిందికి వదిలేవారు. అప్పట్లో పంపు వేరు, టర్బైన్ వేరు. ఒక్క చక్రమే రెండు పనులూ చేస్తే ఖర్చు బాగా కలిసొస్తుంది. అయితే నీటిని పైకి నెట్టే రెక్కకు ఒక వంపు నప్పుతుంది, పడే నీటి తాకిడిని అందుకునే రెక్కకు ఇంకోటి. రెండింటికీ రాజీ కుదిర్చి అమెరికాలోని హైవాసీ డ్యామ్‌లో 1956లో బిగించిన యంత్రం, అప్పటికి ఆ తరహాలో ప్రపంచంలోనే పెద్దది.

ఇలాంటి పంప్-టర్బైన్‌ను పంపుగా నడపడం మొదలుపెట్టే తీరు నాకెంతో ఇష్టం. నీళ్లలో మునిగి ఉన్న చక్రాన్ని ఉన్నపళంగా తిప్పబోతే మోటారు మీద విపరీతమైన భారం పడుతుంది. అందుకని ముందు చక్రంలోకి నీటిని మళ్లించే రెక్కలు, అంటే గైడ్ వేన్లు, మూసేసి, కంప్రెసర్ గాలితో చక్రం చుట్టూ ఉన్న నీటిని కిందికి నెట్టేస్తారు. చక్రం ఉత్త గాలిలోనే వేగం అందుకుంటుంది. గ్రిడ్‌తో జత కలిశాకే గాలి వదిలేస్తారు. నీళ్లు పైకి లేచి చక్రాన్ని ముంచెత్తుతాయి, వేన్లు తెరుచుకుంటాయి, నీరు ఎగువకు సాగుతుంది.

వంద యూనిట్లు పెడితే 75–80 తిరిగొస్తాయి. ఆ తరుగు భరించదగ్గదే. కష్టమంతా చోటుతోనే. నష్టాలు లెక్కేయకుండా చూసినా, ఒక్క యూనిట్ దాచాలంటే సుమారు 3,700 లీటర్లను 100 మీటర్ల ఎత్తుకు ఎక్కించాలి. అంటే ఎత్తు కావాలి, పైనొకటి కిందొకటి జలాశయాలూ కావాలి.

కింది జలాశయం లేకపోతే ఏమవుతుందో నాగార్జునసాగర్‌లో చూశాం. అక్కడ 100.8 మెగావాట్ల చొప్పున రెండు వైపులా తిరిగే ఏడు యంత్రాలు 1980లలోనే వచ్చాయి. కరెంటు తీశాక వదిలిన నీటిని పట్టి ఉంచే టెయిల్‌పాండ్ మాత్రం లేదు. దిగువన సత్రశాల దగ్గర ఆనకట్ట కట్టే వరకు, వెనక్కి తోడగల యంత్రాలు టర్బైన్లుగానే కాలం గడిపాయి. కోట్లు పోసి కొన్న సత్తాను అన్నేళ్లు వాడుకోలేకపోవడం నాకిప్పటికీ బాధే. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలోని ఆరు 150 మెగావాట్ల యంత్రాలకు ఆ ఇబ్బంది తక్కువ, దిగువన సాగర్ జలాశయమే ఉంది.

లిథియం బ్యాటరీల ధరలు జోరుగా పడుతున్నాయి. గంటా రెండు గంటల అవసరానికి అవే మేలనుకుంటాను. రాత్రంతా సరిపడా కరెంటు కావాలంటే, యాభై ఏళ్లు నడిచే ఈ యంత్రాన్ని పక్కన పెట్టలేం. కర్నూలు సోలార్ పార్కుకు చేరువలో, పిన్నాపురం దగ్గర 1,680 మెగావాట్ల పథకాన్ని నదిపై కాకుండా విడిగా రూపొందించారు. రెండు జలాశయాల మధ్య అవే నీళ్లు తిరుగుతాయి. ఒకసారి నింపాక, ఆవిరైపోయినంత మేరకు మళ్లీ పోసుకుంటే చాలు.