మాటకు ముందు

బిడ్డ భాష నేర్వడం మాటతో మొదలుకాదు. తల్లి చూపిన వైపు చూడడం, చేతిలోని వస్తువును తండ్రికి చూపడం, నవ్వుకు నవ్వు బదులివ్వడం భాషకు పూర్వరంగం. ఆటిజం గల పిల్లల్లో అనేకులకు ఈ పూర్వరంగం వేరు తీరున సాగుతుంది. అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 1943లో ఈ స్థితిని వర్ణించిన తరువాత, తల్లి ఆదరణ లేకపోవడమే దీనికి కారణమన్న అపవాదు కొన్ని దశాబ్దాలపాటు వ్యాపించింది. ఎంతటి అన్యాయం! పెంపకం దీనికి కారణం కాదని, మెదడు ఎదుగుదలలోని భేదమే మూలమని నేడు శాస్త్రం చెబుతున్నది. ఒకనాడు దోషిగా నిలబెట్టిన తల్లినే నేటి చికిత్స సహాయానికి పిలుస్తున్నది.

ఎందుకంటే నిపుణుని వద్ద బిడ్డ గడిపేది వారంలో కొద్ది గంటలే. బ్రిటన్‌లో రూపొందిన ‘పాక్ట్’ పద్ధతిలో నిపుణుడు బిడ్డకు నేరుగా పాఠం చెప్పడు. తల్లి గాని తండ్రి గాని బిడ్డతో ఆడుకొంటుండగా వీడియో తీసి, దానిని వారితో కలిసి చూస్తాడు. బిడ్డ ఎప్పుడు తలెత్తి చూసింది, ఏ ధ్వని చేసింది, దానికి పెద్దలు బదులిచ్చారా, లేక వారి ప్రశ్నల వరదలో అది కొట్టుకుపోయిందా అన్నది అందులో తెలిసిపోతుంది. మాటలు రాని బిడ్డను “ఇదేమిటి? అదేమిటి?” అని పదేపదే అడగడం పెద్దల అలవాటు. ఈ పద్ధతి ఆగడం నేర్పుతుంది. దోబూచులాటలో ముఖానికి కొంగు అడ్డం పెట్టుకొన్న తల్లి దానిని వెంటనే తీయక, బిడ్డ కొంగు లాగేవరకు వేచి ఉండాలి. చెప్పినంత సులభం కాదు.

మరొక విశేషం. ఈ పిల్లల్లో కొందరు విన్న వాక్యాన్ని విన్నట్లే తిరిగి పలుకుతారు. దాహం వేసిన బిడ్డ “నీళ్లు తాగుతావా?” అంటుంది. అది వట్టి అనుకరణ కాదు. నీళ్లు ఇచ్చేటప్పుడు తల్లి నోట విన్న వాక్యమే బిడ్డకు నీళ్లడిగే మాట అయింది. తెలుగు క్రియలో పురుష భేదం చివరి ప్రత్యయంలో ఉంటుంది గనుక ఇది మన భాషలో స్పష్టంగా బయటపడుతుంది. అప్పుడు తప్పుపట్టక, “నీళ్లు తాగుతాను” అని బిడ్డ పక్షాన పలికి నీళ్లు అందించాలి.

152 మంది పిల్లలతో జరిపిన పాక్ట్ తొలి పరిశోధన 2010లో వెలువడింది. ఆటిజం లక్షణాల తీవ్రతలో నాడు చెప్పుకోదగిన మార్పు కానరాలేదు. తల్లిదండ్రులు స్పందించే తీరు మాత్రం బాగా మెరుగుపడింది. చికిత్స ముగిసిన సుమారు ఆరేళ్లకు అదే పిల్లలను పరిశీలించగా తీవ్రత కొంత తగ్గినట్లు 2016లో తేలింది. అదే సంవత్సరం గోవాలోను, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోను 65 మంది పిల్లలతో చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. అక్కడ తల్లిదండ్రులకు నేర్పినవారు నిపుణులు కారు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు. పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. నిపుణులు అరుదైన మన ప్రాంతాలకు ఇది చిన్న వార్త కాదు.

కొందరు పిల్లలకు నోటి మాట ఎన్నటికీ రాకపోవచ్చు. వారికి సంజ్ఞలు, బొమ్మల కార్డులు ఉన్నాయి. బిడ్డ నీటి బొమ్మ తెచ్చి చేతిలో పెట్టగానే తల్లి నీళ్లిస్తే ఆ కార్డు మాట అయినట్లే. కార్డులు అలవాటైతే ఇక మాటలు రావన్న భయానికి ఆధారం లేదు.